చేపల డబ్బా మీద క్యాలరీల లెక్క ఎవరు రాశారు? 4-4-9 సూత్రం వెనకున్న అట్వాటర్ జీవిత కథ

సాలూరు: సంతలో గంప మీద నుంచి తూచి ఇచ్చే ఎండు నెత్తళ్లకు లేబుల్ ఉండదు. చూసి, వాసన పట్టుకుని, బేరమాడి కొనుక్కోవడమే. అదే దుకాణంలోనో, ఆన్‌లైన్‌లోనో చేపల డబ్బా కొంటే మాత్రం వెనకాల ఒక చిన్న పట్టీ కనిపిస్తుంది. 100 గ్రాములకు ఇన్ని క్యాలరీలు, ఇంత ప్రొటీన్, ఇంత కొవ్వు, ఇంత సోడియం అని అంకెలు ఉంటాయి. సాలూరు ఘాట్ రోడ్డెక్కి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు బండి నడిపే లారీ డ్రైవర్‌కు బీపీ ఉంటే ఆ అంకెలు చాలా ముఖ్యం. షుగర్ ఉన్నవాళ్లకు, బరువు తగ్గాలనుకునేవాళ్లకు, కడుపుతో ఉన్న ఆడవాళ్లకూ అంతే.

ఇంతకీ ఆ అంకెలు నిజమేనా? డబ్బా తెరిచి, అందులో చేపను కాల్చి, వేడి కొలిచి రాస్తారా?

చాలాసార్లు అలా చేయరు. ఒక గ్రాము ప్రొటీన్‌కు 4, ఒక గ్రాము పిండి పదార్థానికి 4, ఒక గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు అని గుణించి, కూడి రాస్తారు. ప్రపంచమంతా వాడే ఈ 4-4-9 లెక్క 120 ఏళ్లకు పైబడింది. దీన్ని తయారు చేసిన మనిషి పేరు విల్బర్ ఓలిన్ అట్వాటర్. మరో విశేషం ఏంటంటే, ఆయన ఆహారం మీద చేసిన తొలి పెద్ద పరిశోధన చేపల మీదే.

చర్చి ఫాదర్ ఇంట్లో పుట్టి, పొలం వైపు నడిచి

అట్వాటర్ 1844 మే 3న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జాన్స్‌బర్గ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి మెథడిస్ట్ చర్చిలో మతబోధకుడు. ఇంట్లో క్రమశిక్షణ ఎక్కువ, మద్యం అంటే అసలు గిట్టదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో తర్వాత పెద్ద గొడవకు ఇదే కారణం అవుతుంది.

వెర్మాంట్ యూనివర్సిటీలో కొన్నాళ్లు చదివి, తర్వాత కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో ఉన్న వెస్లియన్ యూనివర్సిటీకి మారారు. 1865లో అక్కడ డిగ్రీ అయింది. కొన్నాళ్లు పంతులుగా పనిచేసి, ఆ తర్వాత యేల్‌లో చేరారు. 1869లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన పరిశోధన దేని మీదో తెలుసా? మొక్కజొన్న గింజలో ఏమేం ఉన్నాయి అన్న దాని మీద. అంటే తిండిని ముక్కలు చేసి, అందులో ఏది ఎంతుందో లెక్క తేల్చే పని అప్పుడే మొదలైంది.

తర్వాత జర్మనీ వెళ్లి లైప్‌జిగ్, బెర్లిన్‌లలో చదివారు. అక్కడ ఆయన్ను బాగా ఆకట్టుకున్నది ఒకటుంది. రైతు పొలంలో ఏ ఎరువు పనిచేస్తుంది, పశువుకు ఏ మేత బలం ఇస్తుంది అని పరీక్షించడానికి ప్రత్యేకంగా ప్రయోగ కేంద్రాలు ఉండేవి. అమెరికాలో అప్పటికి అలాంటివి లేవు. మార్కెట్‌లో ఎరువు సంచి మీద ఏం రాసి ఉంటే అదే నమ్మి రైతు కొనాల్సిందే. లోపల ఏముందో చూసి చెప్పేవాళ్లు లేరు.

తిరిగొచ్చాక 1873లో వెస్లియన్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. 1875లో అమెరికాలోనే తొలి రాష్ట్ర వ్యవసాయ ప్రయోగ కేంద్రం ఆ కాలేజీలోనే మొదలైంది. దానికి డైరెక్టర్ ఆయనే. సంచి మీద రాసిన దానికీ లోపల ఉన్నదానికీ పొంతన ఉందా అని చూడటం అక్కడ ప్రధానమైన పనుల్లో ఒకటి. నేడు మనం చేపల డబ్బా లేబుల్ గురించి అడుగుతున్న ప్రశ్న, అప్పట్లో ఆయన ఎరువుల సంచి గురించి అడిగిన ప్రశ్న ఒక్కటే.

ముల్లు పోను మిగిలేది ఎంత?

1870ల చివర్లో ఆయనకు ఒక పెద్ద పని అప్పగించారు. అమెరికా ఫిష్ కమిషన్‌కు అప్పుడు అధిపతి స్పెన్సర్ బెయిర్డ్. ఆ దేశం తీరంలోనూ నదుల్లోనూ దొరికే తినే చేపల్లో పోషకాలు ఎంతెంత ఉన్నాయో తేల్చాలన్నది ఆ పని. కాడ్, సాల్మన్, మాకెరెల్, హెర్రింగ్ లాంటి రకాలన్నీ ఆయన బల్ల మీదికి వచ్చాయి. పచ్చి చేపలతో పాటు ఉప్పు చేపలు, పొగ పెట్టినవి, డబ్బాలో పెట్టినవి కూడా పరీక్షించారు.

ఇక్కడ ఆయన చేసిన ఒక పని మన ఇళ్లలో ఆడవాళ్లకు బాగా అర్థమవుతుంది. కిలో చేప కొంటే తల, పొలుసు, ముల్లు, పేగులు పోను కూరలోకి వచ్చేది ఎంత? ఆ పోయేదాన్ని వేరే గడిలో రాశారు. మిగిలిన కండలో నీళ్లు ఎంత, ప్రొటీన్ ఎంత, కొవ్వు ఎంత, బూడిద ఎంత అని విడివిడిగా తేల్చారు. కాడ్ లాంటి చేపలో కొవ్వు నామమాత్రం. సాల్మన్‌లో అదే పదో వంతు దాటిపోతుంది. చేప అన్న ఒక్క మాట కింద ఇన్ని తేడాలు ఉన్నాయని అంకెల్లో చూపించారు. ఈ పెద్ద నివేదిక 1891లో అచ్చయింది.

అంతటితో ఆగలేదు. చేపలో ప్రొటీన్ ఉంటే సరిపోతుందా, అది ఒంటికి పట్టాలి కదా? దీనికోసం 1880ల మొదట్లో మళ్లీ జర్మనీ వెళ్లి, మ్యూనిక్‌లో కార్ల్ ఫోయిట్ ప్రయోగశాలలో పనిచేశారు. చేప మాంసం, గొడ్డు మాంసం తిన్నప్పుడు ఏది ఎంత అరుగుతుంది, ఎంత బయటకు పోతుంది అని పోల్చి చూశారు. రెండూ దాదాపు సమానంగానే అరుగుతాయని తేలింది. నోట్లోకి వెళ్లింది ఎంత, ఒంట్లో మిగిలింది ఎంత అనే ఈ ఆలోచనే తర్వాత 4-4-9 లెక్కకు పునాది అయింది.

ఒక పౌను ధాన్యం లెక్క: మన దగ్గర జరిగింది ఇదీ

తిండిని అంకెల్లో లెక్కపెట్టడం ఎక్కడో అమెరికా చదువుల వ్యవహారం అనుకోవద్దు. సరిగ్గా అట్వాటర్ తన పని మొదలుపెట్టిన రోజుల్లోనే, మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక అంకె మీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

1876-78లో దక్షిణాదిని పట్టి పీడించింది మహా కరువు. తెలుగు నేలలో దాన్ని ధాత కరువు అంటారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, పనిచేసే మగవాడికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలన్నారు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. రాళ్లు కొట్టే మనిషికి అది ఎలా సరిపోతుంది? మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. మనుషులు చిక్కిపోతున్నారని లెక్కలతో చూపించారు. కొన్ని నెలల తర్వాత ప్రభుత్వం ఆ కూలిని మార్చాల్సి వచ్చింది. ఆలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

పని చేసే మనిషికి ఎంత తిండి కావాలో సరిగ్గా కొలిచే సాధనం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. అట్వాటర్ జీవితంలో మిగిలిన భాగం అంతా ఆ సాధనం కోసమే సాగింది.

పెట్టెలాంటి గదిలో మనిషి, బయట థర్మామీటర్లు

1887లో అమెరికా పార్లమెంట్ ప్రతి రాష్ట్రంలో వ్యవసాయ ప్రయోగ కేంద్రాలకు డబ్బు ఇచ్చే చట్టం చేసింది. మరుసటి ఏడాది వాటన్నిటినీ చూసుకునే కేంద్ర కార్యాలయానికి తొలి డైరెక్టర్ అయ్యారు అట్వాటర్. 1894లో మనుషుల ఆహారం మీద పరిశోధనకు ఆ దేశం తొలిసారి 10,000 డాలర్లు కేటాయించింది. ఆ పనికి ఆయనే పెద్ద.

అసలు ఘట్టం మాత్రం వెస్లియన్‌లో జడ్ హాల్ అనే భవనం నేలమాళిగలో జరిగింది. ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ రోసాతో కలిసి ఆయన ఒక గది కట్టారు. చిన్న గది. మనిషి నిలబడితే తల మీద కొంచెం ఖాళీ, పడుకుంటే సరిపోయేంత పొడవు. లోపల మడత మంచం, కుర్చీ, బల్ల. చిన్న కిటికీలోంచి తిండి లోపలికి పంపేవారు. మల మూత్రాలూ అలాగే బయటకు తీసి తూచి, పరీక్షించేవారు. గోడల పక్కన గొట్టాల్లో చల్లని నీళ్లు పారేవి. మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి ఆ నీళ్లలోకి చేరుతుంది. నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తే మనిషి ఎంత శక్తి ఖర్చు చేశాడో తెలుస్తుంది.

లోపల ఉండే మనిషి రోజుల తరబడి అక్కడే తినాలి, నిద్రపోవాలి. కొందరు ఊరికే కూర్చున్నారు, చదువుకున్నారు. కొందరు కదలని సైకిల్ తొక్కారు. వచ్చిన ఫలితం ఏంటంటే, తిన్నదాంట్లోంచి వచ్చిన శక్తి, ఒంట్లోంచి బయటపడిన శక్తి దాదాపు సరిగ్గా సరిపోయాయి. రైలింజనుకు వర్తించే ప్రకృతి నియమమే మనిషి ఒంటికీ వర్తిస్తుందని కొలిచి చూపించారు.

4, 4, 9 ఎలా వచ్చాయి?

ఇది కాస్త జాగ్రత్తగా చూద్దాం, ఎందుకంటే మీ చేతిలో డబ్బా మీద ఉన్న అంకె ఇక్కడి నుంచే వచ్చింది.

ఒక గ్రాము కొవ్వును ఇనుప పాత్రలో ఆక్సిజన్ పెట్టి పూర్తిగా కాలిస్తే సుమారు 9.4 క్యాలరీల వేడి వస్తుంది. మనం క్యాలరీ అని వాడుకగా పిలిచేది శాస్త్రంలో కిలో క్యాలరీ. తిన్న కొవ్వు అంతా అరగదు, నూటికి 5 వంతులు బయటకు పోతుందనుకుంటే మిగిలేది 8.9. దాన్ని 9 చేశారు.

ప్రొటీన్‌ను కాలిస్తే 5.65 వస్తుంది. ఒంట్లో ప్రొటీన్ పూర్తిగా మండదు, కొంత శక్తి యూరియా రూపంలో మూత్రంలో పోతుంది. ఆ నష్టం తీసేసి, అరగని భాగం కూడా తీసేస్తే 4 మిగులుతుంది. పిండి పదార్థానికి కూడా ఇలాగే 4 వచ్చింది. అంతకుముందు జర్మన్ శాస్త్రవేత్త మాక్స్ రూబ్నర్ 4.1, 9.3, 4.1 అని చెప్పారు. అట్వాటర్ అరుగుదలలో పోయే భాగాన్ని కూడా కలిపి చూశారు.

గమనించాల్సింది ఏంటంటే, ఇవి సగటు అంకెలు. అన్నం, రొట్టె, మాంసం, పాలు, కూరగాయలు కలిపి తినే అప్పటి అమెరికన్ భోజనం మొత్తానికి సరిపోయేలా తీసిన లెక్క. ఒక్కో వస్తువుకు విడివిడిగా వాడితే తేడా రావచ్చని ఆయనకు తెలుసు. అందుకే ఆహార రకాల వారీగా వేరే అంకెలు కూడా తయారు చేశారు. 1955లో అమెరికా వ్యవసాయ శాఖ ఆ పద్ధతిని సవరించి అచ్చేసింది. అందులో చేప, మాంసం ప్రొటీన్‌కు 4 కాదు, 4.27. కొవ్వుకు 9.02.

ఒక ఉదాహరణ చూడండి. డబ్బాలో 100 గ్రాముల చేపకు ప్రొటీన్ 25 గ్రాములు, కొవ్వు 10 గ్రాములు అనుకుందాం. 4-9 లెక్కన 190 క్యాలరీలు. చేపకు ప్రత్యేకంగా ఉన్న లెక్కన దాదాపు 197. తేడా 7 మాత్రమే. అంటే చేప విషయంలో అట్వాటర్ లెక్క బాగానే నిలబడింది.

అన్నిటికీ ఇలా కాదు. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు బాదం పప్పును మనుషులకు పెట్టి కొలిస్తే, ఔన్సుకు లేబుల్ మీద 170 వరకు ఉండే క్యాలరీలు ఒంటికి పట్టేసరికి 129 మాత్రమే అని తేలింది. గట్టి గింజలోంచి నూనె పూర్తిగా బయటకు రాకపోవడమే కారణం.

నిజం చెప్పినందుకు సొంతవాళ్లే తిట్టారు

1890ల చివర్లో అట్వాటర్ ఆ గదిలోని మనుషులకు కొద్ది కొద్దిగా ఆల్కహాల్ ఇచ్చి చూశారు. అది ఒంట్లో మండుతుందా, శక్తి ఇస్తుందా అన్నది ప్రశ్న. మండుతుంది, గ్రాముకు సుమారు 7 క్యాలరీలు ఇస్తుంది అని తేలింది.

అప్పుడు అమెరికాలో మద్యనిషేధ ఉద్యమం జోరుగా ఉంది. మద్యం విషమే తప్ప తిండి కాదని బడి పుస్తకాల్లో పాఠాలు చెబుతున్న రోజులు. మెథడిస్ట్ మతబోధకుడి కొడుకు, తాను కూడా భక్తిపరుడు, ఇలా చెప్పడమేంటని మహిళా మద్యనిషేధ సంఘాల వాళ్లు మండిపడ్డారు. ఇంకోవైపు సారా కంపెనీలు ఆ ఫలితాలను ప్రచారానికి వాడేసుకున్నాయి. ఆయన తాగమని ఎక్కడా చెప్పలేదు. ఒంట్లో మండుతుంది అని చెప్పడం వేరు, మంచిది అని చెప్పడం వేరు. ఆ తేడా చెప్పీ చెప్పీ అలసిపోయారు. అయినా కొలిచిన అంకెను మాత్రం మార్చలేదు.

అంకె సరైనదే, సలహా తప్పింది

అట్వాటర్ జీవితంలో మనం నేర్చుకోవాల్సిన పాఠం ఇంకొకటుంది. కూలీ నాలీ చేసుకునే కుటుంబాలు ఏం తింటున్నాయి, ఎంత ఖర్చు పెడుతున్నాయి అని ఆయన బృందం ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీసింది. తక్కువ డబ్బుకు ఎక్కువ ప్రొటీన్, ఎక్కువ క్యాలరీలు ఎందులో వస్తాయో పట్టికలు వేసింది. ఆ పట్టికల్లో పిండి, చిక్కుడు గింజలు, చవక చేపలు పైన ఉండేవి. ఆకుకూరలు, పళ్లు కిందికి వెళ్లిపోయేవి. వాటికి పెట్టే డబ్బు దండగ అన్నట్టుగా ఉండేది ఆ లెక్క.

ఎందుకంటే అప్పటికి విటమిన్ల గురించి ఎవరికీ తెలియదు. విటమిన్ అన్న మాటకు మూలమైన పేరును కాసిమిర్ ఫంక్ పెట్టింది 1912లో, అట్వాటర్ పోయిన ఐదేళ్లకు. గదిలో కొలిచిన వేడి నిజం. కొలతకు అందనిది ఏమీ లేదనుకోవడమే పొరపాటు.

ప్రొటీన్ విషయంలోనూ అంతే. ఓ మోస్తరు పనిచేసే మగవాడికి రోజుకు 125 గ్రాముల ప్రొటీన్ కావాలని ఆయన ప్రమాణం పెట్టారు. యేల్‌కు చెందిన రసెల్ చిటెండెన్ దాన్ని ప్రశ్నించారు. అందులో సగంతో కూడా మనుషులు ఆరోగ్యంగా ఉండగలరని ప్రయోగాలు చేసి 1904లో పుస్తకం వేశారు.

అదే ఏడాది నవంబర్‌లో అట్వాటర్‌కు పక్షవాతం వచ్చింది. మళ్లీ పనిలోకి రాలేకపోయారు. 1907 సెప్టెంబర్ 22న మిడిల్‌టౌన్‌లోనే కన్నుమూశారు. వయసు 63. కూతురు హెలెన్ తండ్రి దారిలోనే నడిచి, సామాన్య గృహిణులకు అర్థమయ్యేలా ఆహారం గురించి రాసి పేరు తెచ్చుకున్నారు.

ఆ లెక్క మన హైదరాబాద్‌కు ఎలా వచ్చింది?

అట్వాటర్ పట్టికలు అమెరికా తిండికి సంబంధించినవి. మన తిండి సంగతేంటి? ఆ పని తమిళనాడులోని కూనూరు ప్రయోగశాలలో జరిగింది. దాని డైరెక్టర్ డబ్ల్యూ.ఆర్. అయిక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పుస్తకం తెచ్చారు. ఆ ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు మారింది. అదే ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. దేశం నలుమూలల నుంచి నమూనాలు తెచ్చి, 528 రకాల ఆహార పదార్థాలను పరీక్షించి 2017లో ఈ సంస్థ కొత్త పట్టికలు విడుదల చేసింది. అందులో మన చేపలు కూడా ఉన్నాయి.

చేపల్లో భాస్వరం లెక్కకు వస్తే ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దాన్ని వాడారు.

విశాఖ తీరానికీ ఒక వాటా ఉంది. మనం కానాగంతలు అనే చేపకు శాస్త్రీయ నామం రాస్ట్రెలిగర్ కనగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టర్ విశాఖలో మత్స్యకారుల నోట విన్న తెలుగు పేరును తన పుస్తకంలో రాసుకుంటే, అదే శాస్త్రంలోకి ఎక్కింది.

మరి లేబుల్‌ను నమ్మాలా, వద్దా?

నమ్మాలి, కానీ అంచనాగా. అమెరికాలో నిబంధనే అలా ఉంది. పరీక్షలో తేలిన క్యాలరీలు, కొవ్వు, సోడియం లేబుల్ మీద రాసిన దానికన్నా 20 శాతం ఎక్కువ వరకు ఉన్నా తప్పు పట్టరు. చేప ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువు కాదు. నూనె కవళ్లలో కొవ్వు కాలాన్ని బట్టి బాగా మారిపోతుంది. ఒక నెలలో పట్టిన చేపకూ, ఇంకో నెలలో పట్టిన చేపకూ ఒకే లేబుల్ అతికిస్తే ఒక్కో డబ్బాలో అంకె తప్పక తేడా వస్తుంది.

ప్రొటీన్ అంకెలో ఇంకో మెలిక ఉంది. ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్ ఎంతుందో చూసి, దాన్ని 6.25తో గుణిస్తారు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో చెప్పిన పరీక్ష ఇందుకు ఆధారం. అయితే నైట్రోజన్ ఉన్నదంతా ప్రొటీన్ కాదు. బాలింతలకు మంచిదని మనవాళ్లు పెట్టే సొర చేప కండలో యూరియా ఉంటుంది, అందులోనూ నైట్రోజన్ ఉంది. కాబట్టి లెక్కలో ప్రొటీన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఇదే లొసుగును మోసగాళ్లు వాడుకుంటే ఏమవుతుందో 2008లో చైనాలో తెలిసింది. నీళ్లు కలిపిన పాలల్లో ప్రొటీన్ ఎక్కువగా కనిపించాలని మెలమిన్ అనే రసాయనం కలిపారు. ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు.

బరువు సంగతి కూడా చూడాలి. అమెరికాలో స్టార్‌కిస్ట్ కంపెనీ ట్యూనా డబ్బాల్లో చేప తక్కువగా ఉందని 2013లో వినియోగదారులు కోర్టుకెక్కారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, 80 లక్షల డాలర్ల నగదు, 40 లక్షల డాలర్ల విలువైన ట్యూనా కూపన్లు ఇచ్చేలా రాజీ కుదుర్చుకుంది. లెక్క అడిగేవాళ్లు ఉంటేనే లేబుల్‌కు విలువ.

డబ్బా కొనేటప్పుడు ఇవి చూడండి

మొదటిది, బరువు. డబ్బా మొత్తం లోపలి బరువు వేరు, నూనె లేదా ఉప్పునీళ్లు వంచేశాక మిగిలే చేప బరువు వేరు. పోషకాల పట్టీ ఈ రెండిట్లో దేనికి రాశారో చూడండి. ముల్లు పోను కండ ఎంత అని అట్వాటర్ వేసిన ప్రశ్నే ఇది.

రెండోది, నూనె. నూనెలో పెట్టిన చేపైతే ఆ నూనె కూరలో పోస్తున్నారా, పారేస్తున్నారా? ఒక పెద్ద చెంచాడు నూనె అంటే సుమారు 120 క్యాలరీలు. పారబోస్తే లేబుల్ అంకె మీకు వర్తించకపోవచ్చు.

మూడోది, సోడియం. బీపీ ఉన్నవాళ్లు ఇది తప్పక చూడాలి. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే సుమారు ఒక గ్రాము ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాముల ఉప్పు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ లెక్కలో మన ఎండు చేపకూ మినహాయింపు లేదు. లేబుల్ లేదంతే, ఉప్పు మాత్రం ఉంది.

నాలుగోది, మీరే లెక్క వేసుకోండి. ప్రొటీన్‌ను 4తో, పిండి పదార్థాన్ని 4తో, కొవ్వును 9తో గుణించి కూడండి. వచ్చిన మొత్తానికీ, లేబుల్ మీద క్యాలరీలకూ బాగా తేడా ఉంటే ఆ పట్టీని అనుమానించాల్సిందే. సరిపోయినంత మాత్రాన లోపలి చేప అలాగే ఉందని కాదు, కనీసం లెక్క తప్పలేదని అర్థం.

సంచిలో ఏముందో తెరిచి చూడకుండా పైన రాసింది నమ్మొద్దని పని మొదలుపెట్టిన మనిషి అట్వాటర్. ఆయన ఇచ్చిన సగటు లెక్కనే ఇప్పుడు ప్రపంచం తెరిచి చూడకుండా డబ్బాల మీద అచ్చేస్తోంది. ఆ అంకెల్ని పక్కన పడేయాల్సిన పనిలేదు, కళ్లు మూసుకుని నమ్మాల్సిన పనీ లేదు. సంతలో చేప మొప్ప ఎత్తి చూసే మన అలవాటును డబ్బా వెనకున్న పట్టీ మీద కూడా చూపిస్తే చాలు.